బాలింతల జీపు

గొల్లపల్లి, కొంటా బ్లాకు,
సుక్మా జిల్లా.
4 నవంబరు 2024, సోమవారం

సుఖోష్ణ హీటర్ల కంపెనీ, హైదరాబాదు వారికి, గొల్లపల్లి జీపు డ్రైవరు రాజేశ్వరరావు నమస్కరించి రాసుకున్న విషయం.

మీ కంపెనీ డీజిలు హీటరు ఒకటి భద్రాచలంలో లారీ సామాన్ల దుకాణంలో కొని మా జీపులో బిగించాం. ఈ అడవిలో హీటరు ఎవడికి కావాలని మీరు నవ్వుకుంటారు కాబట్టి ముందు నేనెవరో చెప్పుకోవాలి. మా నాన్న పాలకొండ నుంచి కిరందుల్ గనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను దాని పక్కనే బచేలీ గనిలో ముప్పై ఒక్క సంవత్సరాలు డంపరు తోలాను. గని నాకు పింఛను ఇచ్చింది, చెవులు తన దగ్గరే ఉంచుకుంది. ఫోను ఉందిగానీ అందులో మాట్లాడేవాళ్ళ పెదవులు కూడా కనబడవు. అందుకే ఉత్తరం.

రిటైరయ్యాక గొల్లపల్లికీ కొంటాకూ మధ్య జీపు తోలుతున్నాను, సోమవారం, గురువారం. పొద్దున నెలలు నిండినవాళ్ళనూ జ్వరాలవాళ్ళనూ కొంటా ఆసుపత్రికి తీసుకుపోతాను. సాయంత్రం బాలింతలనూ పసిపిల్లలనూ మా ఊరి పోస్టు సంచినీ వెనక్కి తెస్తాను. దీన్ని అందరూ బాలింతల జీపు అంటారు.

పోయిన డిసెంబరులో మా క్లీనరు బిజ్జా భార్య సన్నే మూడు రోజుల బిడ్డతో ఈ జీపులోనే ఇంటికి వచ్చింది. బిడ్డ బరువు తక్కువ. తలుపుల సందుల్లోంచి చలిగాలి. బిడ్డ నిద్రపోతోందనుకున్నాం. ఊరు చేరి దింపబోతే చల్లగా ఉంది. తండ్రి నా పక్క సీట్లోనే కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగ్గా దిగడం లేదు. సన్నేకి ఇప్పుడు మళ్ళీ నెలలు. జనవరిలో కాన్పు. ఈసారి బిడ్డ వెచ్చగా ఇల్లు చేరాలి. ఇది తప్ప నాకు ఈ జీపుతో వేరే పని లేదు.

హీటరు మంచిదే. మీట నొక్కిన అయిదు నిమిషాల్లో వేడిగాలి వస్తుంది. అయితే రెండు ఫిర్యాదులున్నాయి. మొదటిది, ఆఫ్ నొక్కినా మాట వినదు, ఇంకో మూడు నిమిషాలు ఫ్యాను తిప్పుకుంటూనే ఉంటుంది. రెండోది పెద్దది. పొగ గొట్టాన్ని బండి కిందికి పెట్టారు. ఉన్న పొగంతా రోడ్డు పాలవుతోంది.

ఈ తప్పు కనిపెట్టింది నేను కాదు, రామక్క. ఆమె మా ఊరి మితానిన్, అంటే ఇంటింటికీ తిరిగి కాన్పులూ మందులూ చూసే మనిషి. ఊళ్ళో నాకు వినబడే గొంతు ఆమెదొక్కటే. బండి కిందికి వంగి చూసి, "ఏంది మామా, పొగంతా అడివికి పోతాంది! అడివికేమన్నా కాన్పయిందా?" అంది. మాట న్యాయంగానే ఉంది. బాలింతకూ బిడ్డకూ స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేయని ఇల్లు ఉంటుందా? ఊరికే వచ్చే పొగను పారబోయడం ఎందుకు? గొట్టాన్ని బండి లోపలికి తిప్పుకోవచ్చా, లేదా, దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు
తమ విధేయుడు,
రాజేశ్వరరావు

తా.క. మీ పుస్తకం ఇంగ్లీషులో ఒకసారి, చైనా భాషలో ఒకసారి ఉంది. హైదరాబాదు కంపెనీకి తెలుగు రాదా? నాలుగో పేజీలో మాత్రం పుర్రె బొమ్మ ఉంది, కరెంటు స్తంభానికి ఉన్నట్టు. మా బాటరీ పన్నెండు వోల్టులదే, దాంతో ఎవరూ చావరు. అలాంటి బొమ్మలు వేసి జనాన్ని భయపెట్టకండి.

*

సుఖోష్ణ ఆటో హీటర్స్,
ఉత్తరాల విభాగం, హైదరాబాదు.
14 నవంబరు 2024

గౌరవనీయులైన ఖాతాదారు గారికి,

విషయం: హీటరు నుంచి పొగ.

మా హీటరును ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. పొగ విషయమై తమరి ఫిర్యాదు అందినది. వెలిగించిన తొలి నిమిషాలలో తెల్లని పొగ రావడం సహజం. ఇందుకు తమరు ఎంతమాత్రం ఆందోళన చెందనవసరం లేదు.

ఆఫ్ చేసిన పిమ్మట మూడు నిమిషాలు ఫ్యాను తిరగడం లోపం కాదు. లోపలి మంట గది చల్లారడానికి అది అవసరం. ఆ సమయంలో బాటరీ తీగ పీకరాదు.

తమరి సమస్య పరిష్కారమైనదని సంతోషిస్తూ,

భవదీయ,
ఉమామహేశ్వరి

తా.క. జత చేసిన కార్డులో 'చాలా సంతృప్తి' అనే గడిలో టిక్కు పెట్టి పంపగలరు. మిగతా గడులు అచ్చులో సరిగ్గా పడలేదు.

*

గొల్లపల్లి,
25 నవంబరు 2024, సోమవారం

ఉమామహేశ్వరి గారికి, రాజేశ్వరరావు నమస్కారాలు.

మీ జవాబు అందింది. ఎంతమాత్రం ఆందోళన చెందనవసరం లేదని కంపెనీయే రాశాక ఇంక ఆలస్యం ఎందుకు? బిజ్జా గంటలో పని ముగించాడు. వెనక సీట్ల మధ్య నేలకు బెజ్జం పెట్టి గొట్టాన్ని పైకి లాగాడు. గొట్టం మూతి మీద డాల్డా డబ్బా రేకు మూతకు చిల్లులు కొట్టి బిగించాడు. ఆ మూత మీద రామక్క సాంబ్రాణి పలుకులు వేస్తుంది. నిప్పులు అక్కర్లేదు, మంత్రసాని అక్కర్లేదు, గొట్టం వేడికే సాంబ్రాణి కాలుతుంది. ఇంత మంచి ఏర్పాటు మీ ఇంజనీర్లకు ఎందుకు తోచలేదో నాకు అర్థం కాలేదు.

మీ కార్డులో టిక్కు పెట్టాను. కానీ ఒక చిక్కు మిగిలింది. మా జీపు తలుపులు పాతవి. ఏ తలుపు కింద చూసినా రెండు వేళ్ళు దూరే సందు. వేడి నిలవడం లేదు, పొగ అంతకన్నా నిలవడం లేదు. ఊరికి రెండు మైళ్ళ ముందే బండి మళ్ళీ చల్లబడుతోంది. సన్నే కాన్పుకి ఇంక నెలా ఇరవై రోజులే ఉంది. దీనికేదైనా ఉపాయం చెప్పండి.

ఇట్లు
రాజేశ్వరరావు

తా.క. సాంబ్రాణి లేకపోతే మీ పొగకు వాసనే లేదని రామక్క పేచీ. కాస్త డీజిలు కంపు, అంతే. "కల్తీ పొగేమో కనుక్కో మామా" అంటోంది. కనుక్కుంటున్నాను.

*

సుఖోష్ణ ఆటో హీటర్స్,
హైదరాబాదు.
4 డిసెంబరు 2024

గౌరవనీయులైన ఖాతాదారు గారికి,

విషయం: బండిలో వేడి నిలవకపోవడం.

తమరి లేఖ అందినది. వేడి నిలవకపోవడం హీటరు లోపం కాదు. తలుపులు, కిటికీల సందులలోంచి చల్లగాలి రావడమే కారణం. శీతాకాలపు కానుకగా పన్నెండు మీటర్ల రబ్బరు పట్టీ ఉచితంగా పంపుతున్నాము. తలుపుల చుట్టూ, కిటికీల చుట్టూ, నేలలోని బెజ్జాల చుట్టూ అతికించగలరు. ఒక్క సందు కూడా వదలవద్దని మనవి.

భవదీయ,
ఉమామహేశ్వరి

తా.క. తమరి ఉత్తరాలు పొడవుగా ఉంటున్నాయి. మాకు రోజుకు నలభై ఉత్తరాలు. ఇకమీదట సమస్యను ఒక్క వాక్యంలో రాసి దాని కింద గీత గీయగలరు.

*

గొల్లపల్లి,
16 డిసెంబరు 2024, సోమవారం

ఉమామహేశ్వరి గారికి, రాజేశ్వరరావు నమస్కారాలు.

మీరు అడిగినట్టే గీత గీసి రాస్తున్నాను: సమస్య ఏమీ లేదు, హీటరు చాలా బాగుంది. గీత వంకరగా వచ్చింది, జీపు బానెట్ మీద పెట్టి రాస్తున్నాను.

మీ రబ్బరు పట్టీ మొత్తం అతికించాం. ఇప్పుడు లోపల వేడి లోపలే, పొగ లోపలే. ఇదివరకు కొంటా దాటిన దగ్గర నుంచి పిల్లల ఏడుపులేనని బిజ్జా చెప్పేవాడు, నాకెలాగూ వినబడవు. ఇప్పుడు ఒక్క బిడ్డ ఏడవదట. తల్లులు కూడా మూడు మైళ్ళు పోయేసరికి నిద్ర. గొల్లపల్లిలో ఒక్కొక్కరినీ కుదిపి లేపాల్సి వస్తోంది. కిందటి గురువారం ఒకావిడ లేచాక తన ఇల్లు ఎటో మరిచిపోయింది. అందరం ఎంత నవ్వామో.

కొందరికి తలనొప్పి, వాంతులు. రోడ్డు గతుకులు కదా. నాకూ తల కొంచెం బరువుగానే ఉంటుంది గానీ జర్దా ఉమ్మడానికి నా వైపు అద్దం దించుకుంటూ ఉంటాను కాబట్టి తేలికవుతుంది. బిజ్జా కూడా నా పక్కనే, ఆ గాలిలోనే.

డీజిలు ఆదా కోసం హీటరును ఎప్పుడూ సన్న మంట మీదే ఉంచుతున్నాను. దానివల్ల ఇంకో లాభం కనిపించింది. పొగ ఇదివరకు పలచగా ఉండేది, ఇప్పుడు చిక్కగా, నల్లగా వస్తోంది. రామక్క కల్తీ అనడం మానేసింది.

ఇట్లు
రాజేశ్వరరావు

తా.క. చిన్న విషయం. వెనక మూల సీటు దగ్గర రబ్బరు ఎవరో చింపుతున్నారు. ఎవరో ఏమిటి, సన్నేనే. ఆసుపత్రికి చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా చిన్న కత్తితో జానెడు కోసి ఆ సందులో ముక్కు పెట్టుకుని కూర్చుంటుంది. కోప్పడితే మాట్లాడదు. ఇంకో మీటరు పంపగలరా?

*

సుఖోష్ణ ఆటో హీటర్స్,
హైదరాబాదు.
26 డిసెంబరు 2024

గౌరవనీయులైన రాజేశ్వరరావు గారికి,

విషయం: తమరి ప్రశంస.

తాము గీత గీసిన వాక్యం మా మేనేజరు గిరీష్ గారికి చూపించాను. ఎంతో సంతోషించారు. మా కంపెనీ పత్రికలో 'తృప్తి చెందిన ఖాతాదారు' అనే పేజీ ఉంది, కానీ ఏడాదిగా అది ఖాళీగా వస్తోంది. తమరి ఫోటో అందులో వేయాలని వారి కోరిక. జీపు లోపల, హీటరు కనబడేలా, ప్రయాణికులతో కలిసి తీయించిన ఫోటో ఒకటి పంపగలరు. అచ్చయిన వెంటనే పత్రిక తమరికి పంపుతాము.

భవదీయ,
ఉమామహేశ్వరి

తా.క. రబ్బరు ఇంకో మీటరు పంపుతున్నాను. చింపేవారిని వేరే సీట్లో కూర్చోబెట్టగలరు.

*

గొల్లపల్లి,
2 జనవరి 2025, గురువారం

ఉమామహేశ్వరి గారికి, రాజేశ్వరరావు నమస్కారాలు.

ఫోటో పంపుతున్నాను. బిజ్జా తన ఫోనులో తీసి కొంటాలో కడిగించాడు. ఎడమ పక్క టోపీ పెట్టుకున్నది నేను. టోపీ గనిది, మీకు అభ్యంతరమైతే కత్తిరించుకోండి. మధ్యలో గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డది రామక్క. హీటరు నేనే అన్నట్టు నిలబడింది చూడండి. ఫోటోకని కొత్త చీర కట్టుకుంది, తలకు నూనె రాసుకుంది, మమ్మల్ని అరగంట ఆపింది. ఆమె ఇంతవరకు ఫోటో దిగలేదు. ఆధార్ కార్డులో ఉన్నది తను కాదని, ఎవరో దొంగ మొహమని ఆమె వాదన. పత్రిక వస్తే ఊరందరి ముందు విప్పాలని నాతో ఒట్టు వేయించుకుంది.

ఫోటోలో సన్నే లేదు. పొగ గొట్టం పక్కన నిలబడనని బిజ్జాతో చెప్పింది. సీటు కూడా మారనంది. ఏం చేయను, నెలలు నిండిన మనిషి.

ఇట్లు
రాజేశ్వరరావు

తా.క. సన్నేని పదమూడో తారీఖు సోమవారం ఆసుపత్రిలో చేరుస్తాం. అన్నీ సవ్యంగా జరిగితే పదహారు, గురువారం సాయంత్రం బిడ్డతో ఇంటికి తెస్తాను. ఆ రోజు మూత మీద సాంబ్రాణి రెండింతలు వేస్తానని రామక్క ఇప్పుడే చెప్పింది. కొత్త రబ్బరు కూడా అప్పటికి అతికించేస్తాం.

*

హైదరాబాదు,
10 జనవరి 2025
స్పీడ్ పోస్టు. చాలా తొందర.

రాజేశ్వరరావు గారూ,

ఇది చదువుతుండగానే లేచి వెళ్ళి జీపు తలుపులన్నీ తెరవండి. హీటరు ఆపండి. ఆ గొట్టం బండి లోపల ఉండకూడదు. తర్వాత మిగతాది చదవండి.

ఫోటో ఈ రోజు పొద్దున వచ్చింది. రామక్క గారు చెయ్యి వేసింది పొగ గొట్టం మీద. ఆ పొగలో విషం ఉంది, పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. అది కల్తీ పొగ కాదు. దాని గుణమే అది. తలనొప్పి, వాంతి, నిద్ర, చివరికి లేవకపోవడం. మీ ప్రయాణికులు నిద్రపోలేదండీ, స్పృహ తప్పారు. మీరు సన్న మంట మీదే నడపడం వల్ల లోపల మసి పేరుకుంది. నల్లగా వస్తోందంటే విషం ఇంకా ఎక్కువైందని. రేకు మూత పెట్టడం వల్ల అది మరీ పెరిగింది. సాంబ్రాణి వాసన దాన్నంతా కప్పేసింది.

నేను మీ ఉత్తరాలు పూర్తిగా చదవలేదు. అబద్ధం చెప్పను. మాకు జవాబులు ముందే రాసి పెట్టి ఉంటాయి. పొగ అనే మాట కనబడితే ఏడో నంబరు జవాబు, వేడి అంటే పన్నెండో నంబరు. మొదటి ఉత్తరంలోనే మీరు తిప్పవచ్చా అని అడిగారు. నేను ఆందోళన వద్దని రాశాను. సందులు మూయమని రబ్బరు పంపింది కూడా నేనే. ఈ రోజు మీ నాలుగు ఉత్తరాలూ మొదటి నుంచి చివరి దాకా వరసగా కూర్చుని చదివాను.

మీరు పంపిన కార్డులోని నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను. మీరు ఎత్తి, "హీటరు బ్రహ్మాండం, ఉత్తరం రాయండి" అని మూడుసార్లూ పెట్టేశారు. అరిచాను కూడా. ఆఫీసంతా నా వైపు చూసింది. మీ ఊళ్ళో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. కొంటా ఆసుపత్రికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. మనిషిని పంపుదామంటే పైనుంచి అనుమతి రావాలని గిరీష్ గారు అంటున్నారు. అది ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. ఇది పదిహేనో తారీఖుకల్లా కొంటా చేరుతుందని పోస్టాఫీసులో చెప్పారు. పదహారుకు ముందే మీ చేతికి అందాలని దండం పెట్టుకుంటున్నాను.

గొట్టాన్ని మళ్ళీ కిందికి తిప్పి, మూతి బండి వెనక్కి వచ్చేలా బిగించండి. మూత తీసేయండి. నేల బెజ్జం రేకు పెట్టి మూయండి. వారానికి ఒకసారి అరగంట పెద్ద మంట మీద నడపండి, మసి కాలిపోతుంది. ప్రయాణంలో ఒక కిటికీ నాలుగు వేళ్ళు తెరిచే ఉంచండి. సన్నేని ఆ మూల సీట్లోనే కూర్చోనివ్వండి. రబ్బరు ఎంత కావాలంటే అంత చింపుకోనివ్వండి.

పుస్తకం మొత్తం నేనే తెలుగులో రాసి ఇందులో పెట్టాను. ముప్పై పేజీలు. కవరు మందంగా ఉంది, పారేయకండి.

ఉమామహేశ్వరి

తా.క. నాలుగో పేజీలో పుర్రె బొమ్మ కరెంటు గురించి కాదు.

*

గొల్లపల్లి,
23 జనవరి 2025, గురువారం

ఉమామహేశ్వరి గారికి, రాజేశ్వరరావు రాసేది.

మీ ఉత్తరం అందింది. ఎలా అందిందో మీకు చెప్పాలి.

పదహారో తారీఖు సాయంత్రం కొంటా పోస్టాఫీసుకు వెళ్ళాను. సన్నేకి ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల ఎనిమిది వందలు. ఆ సంతోషంలో ఉన్నాను. క్లర్కు అమ్మాయి సంచి కట్టబోతూ మీ కవరు ఎత్తి చూపించింది. దాని మీద ఎర్ర సిరాతో నా పేరు. ఇక్కడే సంతకం పెట్టి తీసుకొమ్మని సైగ చేసింది.

నేను వద్దన్నాను. కవరు మందంగా ఉంది. నా ఫోటో అచ్చయిన మీ పత్రిక అనుకున్నాను. ఒట్టు ఉంది కదా. పక్కనున్న రామక్క, "ఆడనే ఇప్పుదాం మామా, ఊరంతా సూడాలె" అంది. సరే, సంచిలోనే వేసి సీలు వెయ్యమన్నాను. ఆరేళ్ళుగా ఆ సంచి మోస్తున్నాను, సీలు వేశాక దారిలో ఏనాడూ విప్పలేదు. ఆ రోజు కూడా విప్పలేదు.

జీపులో వెనక రామక్క, సన్నే, బిడ్డ. ముందు నేను, బిజ్జా. కొత్త రబ్బరుతో అంతా మూసి ఉంది. సాంబ్రాణి రెండింతలు వేసింది. బిడ్డను గొట్టం దగ్గరకు ఇమ్మని రామక్క చెయ్యి చాపింది, సన్నే ఇవ్వలేదు. కత్తి తీసి మూల రబ్బరు మళ్ళీ కోసింది. కొత్త రబ్బరండీ. నేను బండి ఆపి కేకలేశాను. సన్నే ఏడాదిగా నాతో మాట్లాడింది లేదు. ఆ రోజు నా మొహంలోకి చూసి, నాకు అర్థమయ్యేలా పెదవులు నెమ్మదిగా కదిపి చెప్పింది. "ఒక పిల్లని నీ బండికి ఇచ్చిన మామా. ఈ పిల్లని ఇయ్య."

నాకు కోపం వచ్చింది. వెచ్చగా ఉండాలని ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. బిడ్డకు చలి తగలకూడదని ఆ రోజు నా వైపు అద్దం కూడా దించకుండా బండి తోలాను.

పదకొండో మైలు దగ్గర తల తిరిగింది. బ్రేకు తొక్కాననే అనుకున్నాను, తొక్కలేదట. జీపు పొలంలోకి దిగి గట్టుకు కొట్టుకుంది. ముందు అద్దం పగిలింది. ఆ గాలికే నాకూ బిజ్జాకూ తెలివి వచ్చింది. బిజ్జా పాకుతూ పోయి వెనక తలుపు తీశాడు. సన్నే మూలకు ఒరిగి ఉంది, బిడ్డ మొహాన్ని ఆ జానెడు సందుకు ఆనించి పట్టుకుని ఉంది. బిడ్డ ఏడుస్తోందని బిజ్జా చెప్పాడు. నేను బిడ్డ నోరు చూసి తెలుసుకున్నాను.

రామక్క పోస్టు సంచి మీద కాళ్ళు పెట్టుకుని గొట్టానికి ఆనుకుని కూర్చుని ఉంది. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. ఒళ్ళు వెచ్చగా ఉంది. అందుకే చాలాసేపు పిలిచాం. పోయినసారి బిడ్డ చల్లగా ఉంటే పోయిందని తెలిసింది. ఈమె వెచ్చగా ఉండి పోయింది, మాకు తెలియలేదు.

మర్నాడు మా పోస్టుమాస్టరు సీలు తెంపి మీ కవరు నా చేతికిచ్చాడు. రామక్క ఇంటి ముందు ఊరంతా కూడి ఉంది. అనుకున్నట్టే ఊరందరి ముందు విప్పాను. మొదటి వాక్యం చదివాను, 'లేచి వెళ్ళి జీపు తలుపులన్నీ తెరవండి.' ఇంక చదవలేక బిజ్జాకు ఇచ్చాను. బిజ్జా చదవడం నేర్చుకున్నది రామక్క దగ్గరే. మొత్తం చదివాడు, మీరు రాసిన ముప్పై పేజీలు కూడా. ఎవరూ లేచిపోలేదు.

మీరు ఉత్తరాలు చదవకుండా జవాబు రాశానని బాధపడ్డారు. నేను చేతికొచ్చిన ఉత్తరాన్ని చదవకుండా సంచిలో వేయించాను. అది పదకొండు మైళ్ళు ఆమె కాళ్ళ కింద ఉంది. మీ మీద కోపం తెచ్చుకుందామని రెండు మూడుసార్లు ప్రయత్నించాను, రావడం లేదు. నా మీద మాత్రం ఉంది, అది పోదు.

హీటరును శబరి నదిలో పడేస్తానని బిజ్జా ఊడదీయబోయాడు. సన్నే ఆపింది. చలి ఇంకా పోలేదు, మిగతావాళ్ళ పిల్లలు రావాలి కదా అంది. మీ తెలుగు పుస్తకం చూసి గొట్టాన్ని కిందికి తిప్పాం, మూత పీకేశాం, బెజ్జం మూశాం, ముందు కొత్త అద్దం వేయించాం. సోమవారం ఇద్దరు బాలింతలను తెచ్చాను. కిటికీ నాలుగు వేళ్ళు తెరిచే ఉంచాను. పిల్లలు దారి పొడుగునా ఏడ్చారట. బిజ్జా ఆ మాట చెబుతూ తనూ ఏడ్చాడు. పొగ అడివికి పోతోంది. అది చూసి ఎగతాళి చెయ్యడానికి మనిషి లేదు. ఊళ్ళో నాకు వినబడే గొంతు ఒక్కటే అని మీకు మొదట్లోనే రాశాను, గుర్తుందో లేదో.

మూల సీటు దగ్గర రబ్బరు అతికించలేదు. అది అలాగే ఉంటుంది.

ఇట్లు
రాజేశ్వరరావు

తా.క. ఆ ఫోటో మీ పత్రికలో వేయకండి, నాకు తిరిగి పంపండి. గట్టుకు కొట్టుకున్నప్పుడు బిజ్జా ఫోను పగిలిపోయింది, రామక్కది ఇంకో ఫోటో లేదు. ఇంటిముందు పెట్టడానికి ఆధార్ కార్డులో మొహం ఇద్దామంటే అది తను కాదని ఆమె చెప్పింది కదా. గొట్టం ఉన్నంత మేర కత్తిరించి పంపమని రాయబోయాను. కత్తిరిస్తే ఆమె చెయ్యి కూడా పోతుంది. అలాగే పంపండి.